ఔట్‌లాస్ట్, ఔట్‌లివ్, సర్వైవ్, ఎండ్యూర్: ఏ వాక్యానికి ఏది?

2010 జూన్‌లో వింబుల్డన్‌లో జాన్ ఇస్నర్, నికొలా మహూ ఆడిన మ్యాచ్ మూడు రోజులు సాగింది. ఆట సమయమే 11 గంటల 5 నిమిషాలు. చివరి సెట్ 47–47కి చేరేసరికి కోర్టులోని ఎలక్ట్రానిక్ స్కోర్‌బోర్డు మొరాయించింది. ఒక సెట్లో అంత పెద్ద అంకెలు వస్తాయని దాన్ని తయారుచేసినవాళ్ళు ఊహించలేదు. బోర్డు పోయింది గానీ ఆట ఆగలేదు, 70–68 దాకా నడిచి ఇస్నర్ గెలిచాడు. ఈ కథంతా ఇంగ్లీషులో ఒక్క చిన్న వాక్యంలో పట్టేస్తుంది: "ది మ్యాచ్ ఔట్‌లాస్టెడ్ ది స్కోర్‌బోర్డ్."

దీన్ని తెలుగులో చెప్పమంటే చాలామంది "స్కోర్‌బోర్డు కంటే మ్యాచ్ ఎక్కువసేపు మన్నింది" అని రాస్తారు. అర్థం తప్పు కాదు, కానీ మన ఇళ్ళలో ఎవరూ అలా మాట్లాడరు. "ఆట అవ్వకముందే బోర్డు చేతులెత్తేసింది" అంటాం. ఇంగ్లీషు నిలిచినదాన్ని కర్తగా నిలబెడుతుంది, మనం పోయినదాని వైపు నుంచి చెబుతాం. ఔట్‌లాస్ట్ అర్థం డిక్షనరీలో చూసి తెలుసుకున్నాక కూడా వాక్యంలో పెట్టడానికి చెయ్యి ఆడకపోవడానికి అసలు కారణం ఇదే.

పైగా దాని చుట్టాలు ఇంకో అరడజను ఉన్నాయి: లాస్ట్, ఔట్‌లివ్, సర్వైవ్, ఎండ్యూర్, ఔట్‌స్టే, ఓవర్‌స్టే. అన్నిటికీ నిఘంటువులో దగ్గర దగ్గరగా ఒకే అర్థం కనిపిస్తుంది. ఏ వాక్యంలో దేన్ని ఎంచుకోవాలో తేల్చుకోలేక ఆగిపోయినవాళ్ళ కోసం ఈ పోలిక.

ముందు రెండు చిక్కుముళ్ళు

మొదటిది "ఔట్". మనకు ఔట్ అంటే క్రికెట్లో వికెట్ పడటం, ఆసుపత్రిలో ఓపీ చీటీ మీద ఔట్ పేషెంట్, దుకాణంలో ఔట్ ఆఫ్ స్టాక్. అన్నిట్లోనూ బయట, అయిపోవడం అనే అర్థాలే. ఔట్‌లాస్ట్‌లోని ఔట్ అది కాదు. ఇక్కడ ఔట్ అంటే "మించి". ఔట్‌రన్ అంటే పరుగులో మించిపోవడం, ఔట్‌నంబర్ అంటే సంఖ్యలో మించడం. పిల్లవాడికి నిరుడు సంక్రాంతికి కుట్టించిన చొక్కా ఈ ఏడు పొట్టయితే, వాడు ఆ చొక్కాను ఔట్‌గ్రో అయ్యాడన్నమాట. పలికేటప్పుడు ఈ క్రియల్లో ఒత్తు రెండో ముక్క మీద పడుతుంది: ఔట్-లాస్ట్, ఔట్-గ్రో. ఔట్ పేషెంట్, ఔట్‌లుక్ లాంటి నామవాచకాల్లో ఒత్తు ముందే పడుతుంది.

రెండోది "లాస్ట్". తెలుగు లిపిలో రాస్తే మూడు వేర్వేరు మాటలు ఒకటైపోతాయి: చివరి అనే లాస్ట్, పోగొట్టుకున్న అనే లాస్ట్, మన్నడం అనే లాస్ట్. చివరి అనే మాటకూ మన్నడం అనే మాటకూ ఇంగ్లీషులో అక్షరాలు కూడా ఒకటే, అయినా పుట్టుక వేరు. చివరి అనేది "లేట్" అనే మాట నుంచి వచ్చింది. మన్నడం అనేది పాత ఇంగ్లీషులో "అడుగుజాడను వెంబడించడం" అనే అర్థమున్న క్రియ. చెప్పులు కుట్టేవాళ్ళు వాడే పాదం ఆకారపు చెక్క అచ్చును కూడా ఇంగ్లీషులో లాస్ట్ అనే అంటారు, అదీ ఈ అడుగుజాడ కుటుంబమే. కాబట్టి ఔట్‌లాస్ట్‌కూ "చివరికి ఔట్" అవ్వడానికీ సంబంధం లేదు.

దేన్ని చూసి ఎంచుకోవాలి?

నేను చూసేవి నాలుగు. వీటిలో మొదటిదానికే ముప్పాతిక భాగం మార్కులు.

ఎదురుగా ఏముంది? నిలిచినది దేన్ని దాటి నిలిచింది: మనిషినా, ప్రమాదాన్నా, గడువునా, ప్రత్యర్థినా? లేక ఎదురుగా ఏమీ లేదా?

ప్రాణం సంగతేమిటి? వాక్యంలో చావుబతుకుల ఊసు ఉందా, లేక వస్తువుల మన్నిక మాత్రమేనా?

పెనుగులాట ఉందా? రెండు పక్షాలు ఒకదాన్నొకటి అలిసిపోయేలా చేశాయా, లేక ఒకటి ముందు, ఒకటి వెనక అయిపోయాయా?

వినేవాళ్ళకు ఎలా తగులుతుంది? ఇది పరీక్షలో మార్కులు తేదు గానీ, సంతాప సందేశంలో మర్యాద కాపాడుతుంది.

లాస్ట్: ఎదుట ఎవరూ లేనప్పుడు

పోలిక లేకుండా ఎంతకాలం అన్నది చెప్పడానికి ఉత్త లాస్ట్ చాలు. "ది మీటింగ్ లాస్టెడ్ టూ అవర్స్." సమావేశం రెండు గంటలు సాగింది.

తమాషా ఏమిటంటే ఇంగ్లీషు ఈ ఒక్క మాటతో నెట్టుకొచ్చే చోట మనకు వస్తువును బట్టి క్రియ మారుతుంది. గ్యాస్ బండ నెలన్నర వస్తుంది. చెప్పులు ఏడాది మన్నుతాయి, లేదా ఆగుతాయి. ఆవకాయ ఏడాదంతా నిలవ ఉంటుంది. సినిమా వంద రోజులు ఆడుతుంది. ముసురు మూడు రోజులు పడుతుంది. ఇంట్లో సరుకులు నెలాఖరు దాకా సరిపోతాయి. వీటన్నిటికీ ఇంగ్లీషులో లాస్ట్ నడుస్తుంది. గ్యాస్ బండ విషయంలో అయితే "ఎ సిలిండర్ లాస్ట్స్ అస్ సిక్స్ వీక్స్" అని "అస్" చేర్చి "మాకు" అనే అర్థాన్ని కూడా తెచ్చుకోవచ్చు. తెలుగు నుంచి ఇంగ్లీషుకు వెళ్ళేవాళ్ళు "సిలిండర్ కమ్స్ సిక్స్ వీక్స్" అనేది ఈ "వస్తుంది" ప్రభావంతోనే.

ఔట్‌లాస్ట్: కంటే అనే మాటను మింగేసిన క్రియ

లాస్ట్‌కు ఔట్ తగిలించగానే వాక్యంలో రెండో పక్షం తప్పనిసరి అవుతుంది. "దిస్ బ్యాటరీ ఔట్‌లాస్ట్స్" అని ఆపేస్తే వినేవాడు ఇంకా ఎదురుచూస్తూనే ఉంటాడు. దేన్ని? ఆ దేన్ని అన్నది క్రియ వెనకే నేరుగా రావాలి: "దిస్ బ్యాటరీ ఔట్‌లాస్ట్స్ ది ఓల్డ్ వన్."

మనం ఎక్కువగా చేసే తప్పు ఇక్కడే. తెలుగు "కంటే" మనసులో ఉంటుంది కాబట్టి "ఔట్‌లాస్ట్స్ దేన్ ది ఓల్డ్ వన్" అనో, "ఔట్‌లాస్ట్స్ మోర్ దేన్" అనో రాసేస్తాం. "కంటే", "ఎక్కువ" రెండూ ఔట్‌లోనే ఉన్నాయి, మళ్ళీ చెప్పనక్కర్లేదు. ఎంత తేడాతో అన్నది చెప్పాలంటే "బై" చాలు: "ఔట్‌లాస్టెడ్ ఇట్ బై ఫైవ్ ఇయర్స్", అంటే దాని తర్వాత ఇంకో ఐదేళ్ళు పనిచేసింది.

ఈ క్రియకు రెండు ముఖాలున్నాయి. ఒకటి వస్తువుల మన్నిక. బూట్లు, బ్యాటరీలు, పెయింట్లు, టైర్ల ప్రకటనల్లో కనిపించేది ఇదే. రెండోది ఓపిక. ఇస్నర్ మహూను ఔట్‌లాస్ట్ చేశాడంటే ఇస్నర్ ఎక్కువేళ్ళు బతికాడని కాదు. ఎదుటివాడు వదిలేసే దాకా తాను వదల్లేదని. మొండికేసి కూర్చుని నెగ్గడం. టెస్టు మ్యాచ్‌లో రోజంతా క్రీజులో పాతుకుపోయి బౌలర్లను అలసగొట్టే బ్యాట్స్‌మన్, యాజమాన్యం దిగివచ్చేదాకా సమ్మె విరమించని కార్మికులు చేసేది కూడా ఔట్‌లాస్టే. ఈ రెండో ముఖం ఔట్‌లివ్‌కు లేదు, సర్వైవ్‌కు లేదు. పెనుగులాట ఉన్న వాక్యంలో మరో ఆలోచన లేకుండా దీన్నే పెట్టండి.

కర్మణి ప్రయోగం మాత్రం దీనికి అంతగా నప్పదు. "వాజ్ ఔట్‌లాస్టెడ్ బై" వ్యాకరణానికి తప్పు కాదు గానీ చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. స్కోర్‌బోర్డును కర్తగా పెట్టాలనుకుంటే క్రియనే మార్చుకోవడం మేలు: "ది స్కోర్‌బోర్డ్ గేవ్ అప్ బిఫోర్ ది మ్యాచ్ డిడ్." ఆశ్చర్యమేమీ లేదు, మన తెలుగు వాక్యం కూడా అచ్చం ఇలాగే ఉంది.

ఔట్‌లివ్: ఆయుష్షు లెక్క

1826 జూలై 4. అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు సరిగ్గా యాభై ఏళ్ళు. ఆ దేశపు రెండో అధ్యక్షుడు జాన్ ఆడమ్స్, మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ ఇద్దరూ ఆ రోజే కన్నుమూశారు. ఆడమ్స్ పోతూ పోతూ "థామస్ జెఫర్సన్ సర్వైవ్స్" అన్నాడని చెబుతారు. జెఫర్సన్ ఇంకా ఉన్నాడని ఆయన నమ్మకం. నిజానికి జెఫర్సన్ అప్పటికి కొన్ని గంటల ముందే పోయాడు, కబురు అందలేదంతే. కాబట్టి "ఆడమ్స్ ఔట్‌లివ్డ్ జెఫర్సన్ బై ఎ ఫ్యూ అవర్స్." ఇక్కడ ఔట్‌లాస్టెడ్ అంటే ఇద్దరూ ఎవరు ముందు పోతారా అని పంతం పట్టుకున్నట్టు ధ్వనిస్తుంది. నిజంగా రాజకీయ ప్రత్యర్థులే అయినా, ఆ అర్థం మీరు కావాలనుకుంటేనే వాడాలి.

మనుషుల ఆయుష్షుకు ఔట్‌లివ్ సహజం. వస్తువులకు కూడా వస్తుంది గానీ ఎక్కువగా ఒక అచ్చులో వస్తుంది: "ఔట్‌లివ్ ఇట్స్ యూజ్‌ఫుల్‌నెస్". దీనికి తెలుగులో చక్కటి మాట ఉంది: కాలం చెల్లింది. 2013 జూలైలో మన దేశంలో టెలిగ్రామ్ సేవ ఆపేసినప్పుడు ఆ మాటే నప్పింది. తంతి వచ్చిందంటే ఇంటిల్లిపాదికీ గుండె గుభేలుమన్న రోజుల నుంచి, ఎస్సెమ్మెస్ ముందు దాన్ని అడిగే దిక్కు లేని రోజు దాకా వచ్చింది.

రాజమహేంద్రవరం దగ్గర గోదావరి మీది హేవ్‌లాక్ వంతెనను చూస్తే ఈ రెండు క్రియల తేడా కళ్ళకు కడుతుంది. 1900లో తెరిచిన ఆ వంతెన మీద 1997లో రైళ్ళు ఆపేశారు. రైలు వంతెనగా అది ఔట్‌లివ్డ్ ఇట్స్ యూజ్‌ఫుల్‌నెస్, కాలం చెల్లింది. కానీ స్తంభాలు మాత్రం నదిలో ఇంకా నిలబడే ఉన్నాయి. అంటే కట్టడం తన ఉద్యోగాన్ని ఔట్‌లాస్ట్ చేసింది. ఒకే వంతెన, రెండు వాక్యాలు. ఒకదాంట్లో జాలి, ఇంకోదాంట్లో మెచ్చుకోలు.

రెండు క్రియలూ సమానంగా నప్పే చోటు కూడా ఉంది: యంత్రాలు, ఉపగ్రహాలు అనుకున్న గడువు దాటి పనిచేయడం. 2013 నవంబర్ 5న శ్రీహరికోట నుంచి బయల్దేరిన మంగళయాన్ 2014 సెప్టెంబర్ 24న కుజుడి కక్ష్యలో చేరింది. అక్కడ ఆర్నెల్లు పనిచేస్తే చాలనుకున్నారు, 2022 దాకా పనిచేసింది. "ఔట్‌లాస్టెడ్ ఇట్స్ ప్లాన్డ్ లైఫ్" అనండి, "ఔట్‌లివ్డ్" అనండి, ఎవరూ తప్పు పట్టరు. నేనైతే ఔట్‌లివ్డ్ వైపే మొగ్గుతాను. దూరంగా ఒంటరిగా తిరిగే దానికి కాస్త ప్రాణం పోసినట్టుంటుంది.

సర్వైవ్: ఎదురుగా గండం ఉన్నప్పుడు

సర్వైవ్ లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. విడదీస్తే "మించి బతకడం" అనే వస్తుంది, అంటే ఔట్‌లివ్‌కు కవల లాంటిది. కానీ వాడుకలో దాని ఎదుట ఉండేది ఎక్కువగా ప్రమాదం. 1977 నవంబర్‌లో దివిసీమ ఉప్పెన నుంచి బయటపడ్డవాళ్ళు దాన్ని సర్వైవ్ అయ్యారు. తెలుగులో బతికి బట్టకట్టారు అంటాం. మనవాళ్ళు తరచూ "సర్వైవ్డ్ ఫ్రమ్ ది సైక్లోన్" అంటారు, "నుంచి బయటపడ్డారు"లోని "నుంచి" ఇంగ్లీషులోకి పాకుతుంది. ఫ్రమ్ తీసేయండి.

ఇంటి కప్పు తుపానుకు తట్టుకుంది అనడానికి "ది రూఫ్ సర్వైవ్డ్ ది స్టార్మ్" అంటారు. అదే "ఔట్‌లాస్టెడ్ ది స్టార్మ్" అంటే తుపాను తగ్గేదాకా పంటి బిగువున నిలిచిందన్న భావం వస్తుంది. మొదటిది ఫలితం చెబుతుంది, రెండోది ఆ రాత్రంతా చెబుతుంది.

సర్వైవ్ మన బ్యాంకు, బీమా కాగితాల్లో కాపురం పెట్టింది, అక్కడ దాన్ని తప్పుగా చదివితే డబ్బుతో వ్యవహారం. ఉమ్మడి ఖాతాలో "ఐదర్ ఆర్ సర్వైవర్" అంటే ఇద్దరిలో ఎవరైనా నడపొచ్చు, ఒకరు పోతే మిగిలినవారు. "ఫార్మర్ ఆర్ సర్వైవర్" అంటే మొదటి పేరున్నవారు ఉన్నంతకాలం వారే, ఆ తర్వాతే రెండోవారు. మనీ బ్యాక్ పాలసీల్లోని "సర్వైవల్ బెనిఫిట్" ఏదో గండం గట్టెక్కినందుకు ఇచ్చేది కాదు, ఫలానా తేదీకి పాలసీదారు జీవించి ఉంటే ఇచ్చే సొమ్ము. అదే ఉత్త టర్మ్ పాలసీలో గడువును ఔట్‌లివ్ అయితే, అంటే గడువు దాటి బతికితే, ఏమీ రాదు. బతికినందుకు బాధపడాల్సిన పని లేదనుకోండి.

ఇక మరణ వార్తల్లో వచ్చే "హీ ఈజ్ సర్వైవ్డ్ బై హిజ్ వైఫ్ అండ్ టూ డాటర్స్". పోయినవారే కర్త, బతికున్నవాళ్ళు "బై" వెనక. మాటకు మాట దింపితే "భార్య చేత బతికించబడ్డాడు" అని తేలుతుంది. తెలుగు పత్రికలు ఈ బాధ లేకుండా "ఆయనకు భార్య, ఇద్దరు కుమార్తెలు ఉన్నారు" అంటాయి. అంతే, అంతకుమించి ఒక్క అక్షరం అక్కర్లేదు.

ఎండ్యూర్, ఔట్‌స్టే, ఓవర్‌స్టే

ఎండ్యూర్ మూలంలో గట్టిపడటం ఉంది. కర్మ ఉంటే భరించడం, లేకపోతే తరాలపాటు నిలవడం. 1687లో ఔరంగజేబు సేన గోల్కొండను దాదాపు ఎనిమిది నెలలు ముట్టడించింది. కోట ఆ ముట్టడిని ఎండ్యూర్ చేసింది, అంటే ఓర్చింది. కానీ ఔట్‌లాస్ట్ చేయలేకపోయింది, ఎందుకంటే లోపలి ద్రోహంతో తలుపు తెరుచుకుంది. ఓర్చినవాళ్ళంతా ఆఖరున మిగలరు. అది చెప్పడానికే రెండు వేర్వేరు క్రియలు కావాలి.

ఔట్‌స్టే అంటే మర్యాద గడువు దాటి ఉండటం, ఇంకా బయల్దేరరేమిటని ఇంట్లోవాళ్ళు వంటింట్లో గుసగుసలాడుకునేదాకా. కాగితం మీది గడువు దాటితే అది ఓవర్‌స్టే. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళే తల్లిదండ్రులకు ఐ-94లోని (అక్కడ ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే పత్రం) తేదీ దాటితే వర్తించే మాట ఇదే. ఈ రెండో చోట ఔట్‌స్టే వాడకండి.

ఒక్క చూపులో

| క్రియ | ఎదుట ఉండేది | దగ్గరి తెలుగు | నప్పని చోటు |
|---|---|---|---|
| లాస్ట్ | ఏమీ లేదు, కాలం మాత్రమే | మన్ను, ఆగు, వచ్చు, నిలవ ఉండు | పోలిక చెప్పాలనుకున్నప్పుడు |
| ఔట్‌లాస్ట్ | ప్రత్యర్థి, మరో వస్తువు, గడువు | ముందే అది పోయింది, ఇది నిలిచింది | బంధువుల మరణం |
| ఔట్‌లివ్ | మనిషి, ఆయుష్షు, ఉపయోగం | తర్వాత కూడా బతికాడు; కాలం చెల్లింది | ఆటలు, పోటీలు |
| సర్వైవ్ | గండం. కాగితాల్లో మనిషి | బతికి బట్టకట్టు, గట్టెక్కు | ఉత్త మన్నిక |
| ఎండ్యూర్ | బాధ; లేదా తరాలు | ఓర్చు; నిలిచిపోవు | గెలుపు చెప్పాలనుకున్నప్పుడు |

మీరు ఎవరన్నదాన్ని బట్టి

పోటీ పరీక్షలకు చదివేవాళ్ళు ఖాళీ పూరించే ప్రశ్నల్లో ముందు క్రియ వెనక ఏముందో చూడండి. ఏమీ లేకుండా వాక్యం ముగిసిపోతే ఔట్‌లాస్ట్, ఔట్‌లివ్ రెండూ కొట్టేయొచ్చు, రెండూ కర్మ లేకుండా నిలబడవు. "దేన్" కనిపిస్తే కూడా అంతే. వ్యాసం రాసేటప్పుడు ఎక్కడ తోచకపోతే అక్కడ "లాస్ట్ లాంగర్ దేన్" అని విప్పి రాయడంలో నామోషీ లేదు, అది ఎప్పుడూ తప్పవదు.

చిన్న వ్యాపారం చేస్తూ సరుకు గురించి ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాసుకునేవాళ్ళకు ఔట్‌లాస్ట్ ఆశపెట్టే మాట. పదును ఉంది, గొప్పగా వినిపిస్తుంది. కానీ అది పోలిక చేస్తున్నట్టే లెక్క. "ఔట్‌లాస్ట్స్ ఆర్డినరీ బ్యాగ్స్" అంటే ఏ మామూలు సంచులు, ఎంతకాలం అని అడిగేవాడు ఉంటాడు. జవాబు చేతిలో లేకపోతే "లాస్ట్స్ త్రీ ఇయర్స్ విత్ డైలీ యూజ్" లాంటి తేలిక వాక్యమే మేలు, అది కూడా నిజమైతేనే.

సంతాపం రాసేవాళ్ళు ఔట్‌లివ్ జోలికి పోవద్దు. పిల్లలను పోగొట్టుకున్న తల్లిదండ్రులకు "యూ ఔట్‌లివ్డ్ యువర్ సన్" అని రాస్తే, నిజమే అయినా, గాయం మీద కారం. పోగొట్టుకున్న బాధ గురించి రాయండి, ఎవరు ఎక్కువ బతికారన్న లెక్క వద్దు.

అనువాదకులకు నా సలహా వాక్యాన్ని తిరగేయమనే. ఔట్‌లాస్ట్ కనిపించగానే ఏది ముందు పోయిందో చూసి, దానితో తెలుగు వాక్యం మొదలుపెట్టండి. "ముందే", "అయిపోయినా", "పోయాక కూడా" అనే మాటలు మీ పనిముట్లు. ఒక్కచోట మాత్రం ఈ సూత్రం పనిచేయదు. గృహప్రవేశానికి విదేశం నుంచి ఏ మేనల్లుడో "మే దిస్ హౌస్ ఔట్‌లాస్ట్ అస్ ఆల్" అని కార్డు పంపాడనుకోండి. ఇంగ్లీషులో అది మంచి దీవెన. "మనమంతా పోయాక కూడా ఈ ఇల్లు ఉండాలి" అని తెలుగులో చదివి వినిపిస్తే, పాలు పొంగిస్తున్న పొయ్యి దగ్గర మేనత్త ముఖం ఎలా మారుతుందో ఊహించుకోవచ్చు. అక్కడ పోయేవాళ్ళను వదిలేసి వచ్చేవాళ్ళను పట్టుకోవాలి: "ఈ ఇల్లు మునిమనవల దాకా చల్లగా నిలవాలి."